వకీలు కక్షిదారునకు బదులుగా ప్రమాణము చేయవచ్చునా?

గ్రామములయందు వ్యవహారము కోర్టున బడినవారు తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "వకాల్తునామాపై వ్రాలు చేసి యిచ్చితిమి. ఫీజును చెల్లించితిమి. ఇంక ప్రతి చిన్న అర్జీకిని మమ్ము పట్టణమునకు రప్పించి, అఫిడవిట్టుపై చేవ్రాలు చేయుమనుట యెందులకు? మా పక్షమున వాదించు వకీలుగారే మా పక్షమున ప్రమాణమును కూడ చేయరాదా?" అని వారి ప్రశ్న. నాట్లనాడో కోతలనాడో కబురు వచ్చినప్పుడు ఈ మాట మఱింత గట్టిగా వినబడును. ప్రశ్న సహేతుకమైనదే. కాని దీనికి చెప్పదగిన సమాధానము కేవలము అవును, కాదు అను రెండు మాటలలో నిముడునది కాదు. న్యాయశాస్త్రమున మిక్కిలి ప్రధానమైన ధర్మసూక్ష్మ మొకటి యిందు ఇమిడి యున్నది. దానిని తెలిసికొన్నవారు తామును మోసపోరు. తమ్ము సలహా యడుగవచ్చిన పొరుగువారిని మోసపోనీయరు.

ముందుగా అఫిడవిట్టు అనగా నేమో విచారింతము. ఈ మాట ఇంగ్లీషువారి కోర్టులనుండి మనకు వచ్చినను, దీని మూలము లాటిను భాషయందున్నది. "అతడు ప్రమాణము చేసి చెప్పెను" అని దాని యర్థము. మన భాషలో ప్రమాణపత్రము అనవచ్చును. ఒక మనుష్యుడు తన పేరు, తండ్రి పేరు, వయస్సు, వృత్తి, నివాసము చెప్పుకొని, తాను చెప్పదలచిన సంగతులను వరుస సంఖ్యలు గల పేరాలుగా వ్రాయించి, ఇవి సత్యములని అధికారము గల యొకని యెదుట దైవసాక్షిగానో, మనస్సాక్షిగానో పలికి వ్రాలు చేసిన కాగితము ప్రమాణపత్రము. మొదట చెప్పినది "నేను" అను మాట. చివర నిలుచునదియు "నేను" అను మాటయే. ఆ "నేను" ఎవడు అనునదే నేటి మన విచారణకు కీలకము.

కోర్టులో దాఖలగు కాగితములన్నియు ఒక జాతివి కావు. దావా అర్జీయందు వాది తన కోరికను, దానికి గల కారణమును చెప్పుకొనును. ప్రతివాది జవాబు పత్రమున తన పక్షమును చెప్పుకొనును. వాదన యనునది ఈ రెంటిని చట్టముతో జోడించి వకీలు న్యాయాధిపతికి విన్నవించునది. వాదనలో తప్పు దొర్లిన, తప్పు వాదన యనిపించుకొనునే గాని అసత్యమనిపించుకొనదు. ప్రమాణపత్రము అట్టిది కాదు. అది సాక్షి నోటిమాటకు బదులుగా వచ్చిన కాగితము. సాక్షికి గల బాధ్యత యంతయు దానిపై వ్రాలు చేసినవానికి గలదు.

సాక్షి యెవడు? ఈ శబ్దమును పాణిని మహర్షి వ్యుత్పాదించిన తీరు గమనింపదగినది. తన కన్నులార ప్రత్యక్షముగా చూచినవాడే సాక్షి యని ఆయన మతము. మనువును సాక్ష్యము చూచుటవలనను వినుటవలనను కలుగునని చెప్పెను. అనగా సాక్షి తాను చూచినదానిని, తన చెవులతో నేరుగా విన్నదానిని చెప్పవలెనే గాని, ఒకరు చూచితిమని చెప్పగా విని, అది తాను చూచినట్లు చెప్పరాదు. మన ధర్మశాస్త్రములు వ్యవహారమున ప్రతినిధిని నిషేధింపలేదు. నారదస్మృతి ఈ విషయమున స్పష్టముగా నున్నది. అన్నదమ్ముడో, తండ్రియో, కుమారుడో, లేక నియోగింపబడినవాడో ఒకని పక్షమున సభలో మాటలాడవచ్చును. ఆ ప్రతినిధివలన కలిగిన జయాపజయములు అతనిని నియోగించినవానివే. ఏ సంబంధమును లేక నియోగమును లేక పరుని వ్యవహారమున మాటలాడువాడు మాత్రము దండ్యుడు. కాత్యాయనుడు మఱియొక యడుగు ముందుకు వేసి, హత్య, చౌర్యము మొదలగు ఘోరాపరాధములలో ప్రతినిధి పనికిరాడనియు, అభియోగము నొందినవాడు తానే నిలిచి చెప్పవలెననియు విధించెను. కాబట్టి నోటికి ప్రతినిధి యుండవచ్చును గాని, కంటికి ప్రతినిధి యుండడను భేదము మనకు క్రొత్తది కాదు.

నేటి చట్టమునకు వత్తము. మన సివిలు కోర్టుల నడవడికను నిర్ణయించునది 1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజరు కోడు. అందు పందొమ్మిదవ ఆర్డరు ప్రమాణపత్రములను గూర్చినది. దాని మూడవ నియమము ఈ విషయమునకు ప్రాణము వంటిది. ప్రమాణము చేయువాడు తన స్వంత యెఱుకచేత తాను రుజువు చేయగల సంగతులకే ప్రమాణపత్రమును పరిమితము చేయవలెనని దాని తాత్పర్యము. దీనికి ఒక్కటే వినాయింపు. దావా నడుచుచుండగా మధ్యలో దాఖలగు అర్జీలయందు, అనగా వాయిదా కొఱకో, తాత్కాలికమైన నిలుపుదల కొఱకో పెట్టుకొను అర్జీలయందు, తాను నమ్మిన సంగతులను కూడ చెప్పవచ్చును. అయినను ఆ నమ్మకమునకు ఆధారమేమో చెప్పితీరవలెను. "నాకు తెలిసినంతవరకు నిజము" అని యొక్క మాట వ్రాసి యూరకుండుట చాలదు. ఎవరు చెప్పిరి? ఏ కాగితము చూచి తెలిసినది? ఇది వ్రాయవలెను.

ఈ నియమము సామాన్యులకు మాత్రమే కాదు, ప్రభుత్వమునకును వర్తించునని సుప్రీం కోర్టు 1952లోనే చెప్పెను. అప్పటి బొంబాయి ప్రభుత్వపు కార్యదర్శి యొకరు దాఖలుచేసిన ప్రమాణపత్రము ప్రసక్తిలోనికి వచ్చినప్పుడు, ఏది స్వయముగా ఎఱిగినదో, ఏది యితరులు చెప్పగా నమ్మినదో, ఆ చెప్పినదెవరో విడదీసి వ్రాయవలసినదని హెచ్చరించెను. 1970వ సంవత్సరపు తీర్పుల సంపుటమున ప్రకటింపబడిన మఱియొక తీర్పులో, ఈ ధ్రువీకరణము ఊరక పెట్టిన ఆచారము కాదనియు, ఆరోపణలు నిజమైనవో కావో పరీక్షించుటకును, చెప్పినవానిని తన మాటకు బాధ్యుని చేయుటకును ఏర్పడినదనియు వివరించెను.

ఇక్కడ నొక సంగతి శ్రద్ధగా వినవలెను. ఆ పందొమ్మిదవ ఆర్డరులో "వకీలు ప్రమాణము చేయరాదు" అని ఆయన పేరెత్తి నిషేధించిన వాక్యము లేదు. వకీలును మనుష్యుడే, ఆయనకును కన్నులును చెవులును కలవు. తాను ఎఱిగినదానిని ఆయనయు ప్రమాణపూర్వకముగా చెప్పవచ్చును. నిషేధము ఆయన వృత్తినుండి కాక, ఆయన ఎఱుకకు గల మేరనుండి పుట్టినది. కావున "వకీలు ప్రమాణము చేయవచ్చునా?" అనుటకంటె, "ఈ సంగతిని ఎఱిగినవాడెవడు?" అని యడుగుట సరియైన ప్రశ్న. దానికి జవాబు దొరికిన, ప్రమాణము చేయవలసినవాడెవడో దానంతట తేలును.

ఒక యుదాహరణము చెప్పెదను. ఒక రైతు పొలముగట్టు తగవులో క్రిందికోర్టున ఓడెననుకొందము. జిల్లా కోర్టునకు అప్పీలు చేయుటకు 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము 30 దినములు గడువిచ్చినది. ఆ రైతు సన్నిపాతజ్వరముతో మంచము పట్టి, గడువు దాటిన 40 దినములకు గాని వకీలువద్దకు పోజాలకపోయెను. ఆలస్యమును మన్నింపుమని అర్జీ పెట్టుకొనవలెను. దానికి ప్రమాణపత్రము జతచేయవలెను. జ్వరము వచ్చినదని యెఱిగినవారెవరు? రైతు, అతని భార్య, మందిచ్చిన వైద్యుడు. వకీలుగారు ఆ మంచమును చూడలేదు. "నా కక్షిదారు జ్వరపడి యుండెను" అని ఆయన ప్రమాణము చేసిన, విన్నమాటను కన్నమాటగా చెప్పుటయే యగును. ఇక్కడ రైతో, అతనికి ఉపచారము చేసిన యింటివారో ప్రమాణము చేయవలెను.

ఇదే కథను కొంచెము మార్చి చూతము. రైతు గడువులోపలనే వచ్చి కాగితములన్నియు ఇచ్చిపోయెను. వకీలుగారి కచేరీలో గుమాస్తా ఆ కట్టను వేఱొక దావా కట్టలో కలిపివేయగా, అది నెల దాటిన తరువాత బయటపడెను. ఈ సంగతి యెఱిగినవాడెవడు? రైతు ఎఱుగడు, అతడు అప్పీలు దాఖలైనదనియే నమ్మి యింట కూర్చుండెను. ఎఱిగినవారు వకీలుగారును, గుమాస్తాయును. ఇచ్చట వకీలుగారు గాని గుమాస్తాగాని ప్రమాణపత్రమిచ్చుట న్యాయము. రైతుచేత "కట్ట పొరపాటున కలిసిపోయినది" అని ప్రమాణము చేయించుటయే తప్పు. ఒకే యర్జీ, ఒకే ఆలస్యము. సంగతి మారగానే ప్రమాణము చేయవలసినవాడును మారెను. ధర్మసూక్ష్మమని మొదట చెప్పినది యిదియే.

ఈ విధముగానే వాయిదానాడు వకీలుగారికి జబ్బు చేసి రాలేకపోగా దావా కొట్టివేయబడినప్పుడు, ఎదుటి పక్షపు వకీలునకు నోటీసు అందజేసితినని చెప్పవలసినప్పుడు, కోర్టుహాలులో తన యెదుట జరిగిన సంగతిని తెలుపవలసినప్పుడు ఆయన ప్రమాణపత్రము పనికివచ్చును. ఇవి యన్నియు ఆయన స్వంత యెఱుకలోనివి. మధ్యంతరపు అర్జీలలో "నా కక్షిదారుడు ఫలానా తేదీన నాతో నిట్లు చెప్పెను, నేను నమ్మితిని" అని ఆధారము చూపి వ్రాయుటకు పైన చెప్పిన వినాయింపు క్రింద కొంత చోటున్నది. కాని అట్టి ప్రమాణమునకు బలము స్వల్పము. చెప్పినవాడు బ్రతికి, దగ్గఱలో నుండగా, అతడే వచ్చి యేల చెప్పడని న్యాయాధిపతి యడుగక మానడు.

"మేము వకాల్తు నిచ్చితిమి గదా" అను వాదమును ఇప్పుడు పరీక్షింతము. వకాల్తునామా కోడులోని మూడవ ఆర్డరును అనుసరించి వ్రాసి యిచ్చునది. దానివలన వకీలునకు మన పక్షమున హాజరగుటకు, అర్జీలు దాఖలుచేయుటకు, వాదించుటకు అధికారము సంక్రమించును. అధికారము ఇయ్యదగినది, ఒక కాగితముతో చేతులు మారును. ఎఱుక అట్లు చేతులు మారునది కాదు. వైద్యుడు రోగి నాడి చూచి మందియ్యగలడు గాని, రోగికి బదులుగా తాను పథ్యము చేయజాలడు. సుప్రీం కోర్టు 2004 డిసెంబరులో చెప్పిన తీర్పొకటి దీనిని నిర్ధారించుచున్నది. పవరాఫటార్నీ, అనగా అధికారపత్రము పొందినవాడు, ఆ యధికారమునుబట్టి తాను చేసిన పనులను గూర్చి సాక్ష్యము చెప్పవచ్చును గాని, అధికారమిచ్చినవాడు స్వయముగా చేసిన పనులను గూర్చియు, అతనికి మాత్రమే తెలిసిన సంగతులను గూర్చియు అతనికి బదులుగా చెప్పరాదని ఆ తీర్పు. సమస్తాధికారములు వ్రాసి పుచ్చుకొన్నవానికే ఇట్లుండగా, వకాల్తు పుచ్చుకొన్నవాని మాట చెప్పనేల?

ఆయా పక్షములు స్వయముగా ప్రమాణము చేయజాలనిచోట చట్టము దారి చూపకపోలేదు. దావా అర్జీ క్రింద చేయు ధ్రువీకరణమును పక్షస్థుడు గాని, సంగతులు తెలిసినవాడని కోర్టునకు నమ్మకము కలిగించిన మఱియొకడు గాని చేయవచ్చునని ఆరవ ఆర్డరు పదునైదవ నియమము చెప్పుచున్నది. కంపెనీ పక్షమున దాని కార్యదర్శియో, డైరెక్టరో, సంగతులు చెప్పగల ముఖ్యోద్యోగియో చేయును. ప్రభుత్వ పక్షమున సంగతులు తెలిసినవాడై నియమింపబడిన యుద్యోగి చేయును. మైనరు పక్షమున అతని మేలుకోరు పెద్దవాడు నిలుచును. ఇన్నిచోట్ల మనుష్యుడు మారినను ఒక్క లక్షణము మారలేదు. అది సంగతి తెలిసియుండుట. 1999వ సంవత్సరపు సవరణచేత చేర్పబడి 2002 జూలై 1వ తేదీ నుండి అమలునకు వచ్చిన నిబంధన ప్రకారము, ఇట్లు ధ్రువీకరించినవాడు దావా అర్జీకి తోడుగా ప్రమాణపత్రమును కూడ ఇయ్యవలెను. ఇది చెప్పినవానిపై అదనముగా బాధ్యత నుంచుటకే యని సుప్రీం కోర్టు 2005లో వివరించినది. కావున పూర్వముకంటె నేడు ఈ విషయమున ఎక్కువ జాగ్రత్త అవసరము.

వకీలు కక్షిదారుని సంగతులకు ప్రమాణము చేయరాదనుటకు ఎఱుక లేకపోవుట గాక మఱి మూడు కారణములు కలవు.

మొదటిది అడ్డుప్రశ్నలు. ప్రమాణపత్రమిచ్చినవానిని కోర్టునకు పిలిపించి ఎదుటి పక్షమువారు ప్రశ్నించుటకు అవకాశమున్నది. ఇప్పటి నియమముల ప్రకారము దావాలలో సాక్షి మొదటి వాంగ్మూలమే ప్రమాణపత్రరూపమున దాఖలగుచున్నది. ఆ పిమ్మట అతడు బోనెక్కి అడ్డుప్రశ్నలకు జవాబు చెప్పవలెను. "గట్టుమీద తుమ్మచెట్టు ఏ దిక్కున నున్నది? ఏ యేట నఱికిరి?" అని యడిగిన, పొలము తొక్కని వకీలు ఏమి చెప్పగలడు? అడ్డుప్రశ్నకు నిలువని ప్రమాణము పునాది లేని గోడ వంటిది.

రెండవది వృత్తిధర్మము. 1961వ సంవత్సరపు అడ్వొకేట్ల చట్టము క్రింద భారత బారు కౌన్సిలు ఏర్పఱచిన నియమములలో నొకటి యిట్లున్నది: తాను సాక్షిగా నుండవలసి వచ్చునని తోచిన దావాను వకీలు స్వీకరింపరాదు, స్వీకరించిన పిమ్మట ముఖ్యమైన సంగతికి తానే సాక్షినని తేలినయెడల, కక్షిదారునకు చెఱుపు కలుగకుండ తప్పుకొనగలిగిన తప్పుకొనవలెను. ఒకే నోట వాదనయు సాక్ష్యమును వచ్చిన, ఏది వాదనయో ఏది సత్యమో న్యాయాధిపతి విడదీయజాలడు. తూకము వేయువాడే సరుకు కొనువాడైన అంగడిలో నమ్మకముండదు గదా!

మూడవది రహస్యము. కక్షిదారుడు తన వకీలుతో చెప్పుకొన్న మాటలను అతని సమ్మతి లేక బయటపెట్టరాదని మన సాక్ష్యచట్టము పూర్వమునుండి రక్షణ కల్పించుచున్నది. 1872వ సంవత్సరపు చట్టమునకు బదులుగా 2024 జూలై 1వ తేదీ నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునను ఈ రక్షణ నిలిచియున్నది. వకీలే బోనెక్కిన, చెప్పదగినది చెప్పరానిదానితో చిక్కుపడును. దానివలన నష్టపడువాడు కక్షిదారుడే.

ఇంక అసత్యప్రమాణమునకు గల దండనమును గూర్చి చెప్పవలెను. 1860వ సంవత్సరపు శిక్షాస్మృతిలో నుండిన సూత్రములనే 2024 జూలై 1వ తేదీ నుండి భారతీయ న్యాయసంహిత యందు 227, 229 సంఖ్యలతో చూచుచున్నాము. కోర్టు వ్యవహారమున బుద్ధిపూర్వకముగా అబద్ధపు సాక్ష్యమిచ్చినవానికి 7 సంవత్సరములవఱకు చెఱయు, 10,000 రూపాయలవఱకు జుల్మానాయు విధింపవచ్చును. ఇందు మన పెద్దలు తప్పక తెలిసికొనదగిన విశేషమొకటి కలదు. తాను ఎఱుగని సంగతిని "ఎఱుగుదును" అని ప్రమాణము చేసి చెప్పుట కూడ అబద్ధపు సాక్ష్యమే. ఫలానావాడు ఫలానా దినమున ఫలానా చోట నుండెనని తనకు తెలియునని, ఏమియు తెలియకయే ఒకడు ప్రమాణము చేసిన, ఆ మనుష్యుడు నిజముగా అచ్చట నుండినను ఉండకపోయినను చెప్పినవాడు దోషియే యని చట్టము ఉదాహరణముతో సహా విప్పి చెప్పినది. సంగతి సత్యమైనంత మాత్రమున ప్రమాణము సత్యము కాదు. చెప్పినవానికి ఎఱుక యుండినప్పుడే సత్యము. మంచి మనసుతో, కక్షిదారునకు శ్రమ తప్పింతమని తలచి, "నాకు తెలియును" అని వ్రాలుచేయు వకీలు ఎంత గోతి యంచున నిలుచుచున్నాడో దీనివలన తేటపడును. సంగతి తెలియకయే పొరుగువానికొఱకు మొగమాటముతో వ్రాలు చేయు గ్రామపెద్దయు ఆ యంచుననే నిలిచియున్నాడు.

ప్రమాణము చేయువాని సంగతి యిట్లుండగా, చేయించువాని సంగతి వేఱు. రెండును కలిపి తికమకపడరాదు. పూర్వము హిందువులచేత గంగోదకము పట్టించియు, మహమ్మదీయులచేత ఖురాను పట్టించియు ప్రమాణము చేయించెడివారు. 1840వ సంవత్సరపు చట్టముతో ఆ పద్ధతికి బదులుగా సత్యము చెప్పెదనను ధర్మప్రతిజ్ఞ వచ్చినది. నేడు అమలులో నున్నది 1969వ సంవత్సరపు ప్రమాణముల చట్టము. దైవము పేర గాని, మనస్సాక్షి పేర గాని ప్రమాణము చేయవచ్చును. కోర్టు, మేజిస్ట్రేటు, 1952వ సంవత్సరపు చట్టముచొప్పున నియమితుడైన నోటరీ, హైకోర్టు అధికారమిచ్చినవారు ప్రమాణము చేయింపవచ్చును. 1990లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సివిలు కోర్టులకు ఏర్పఱచిన నియమములలో అడ్వొకేట్లకు కూడ ఈ యధికారమున్నది. కాని ఆ వ్యవహారమున నియుక్తుడైన అడ్వొకేటునకు లేదు. అనగా మన వకీలు మనకు బదులుగా ప్రమాణము చేయరాదు. మనచేత ప్రమాణము చేయించి దానిపై సాక్షిసంతకమును చేయరాదు. రెంటికిని మూలమొకటే: వాదించువాడు వాదించుచోటనే యుండవలెను.

చేయించువాని బాధ్యత తేలికైనది కాదు. ఆంధ్రప్రదేశమునుండి సుప్రీం కోర్టునకు వెళ్లిన యొక వ్యవహారమున, స్థిరాస్తి విక్రయమునకు సంబంధించిన ప్రమాణపత్రముపై యజమాని సంతకమును వేఱెవరో దొంగవ్రాలు చేయగా, యజమాని తన యెదుటకు రాకయే అతడు తన సమక్షమున ప్రమాణము చేసెనని ఒక అడ్వొకేటు సాక్షిసంతకము చేసెను. 1984లో సుప్రీం కోర్టు దీనిని తీవ్రమైన వృత్తిదోషముగా నెంచి, ఆయన 5 సంవత్సరములు వకీలువృత్తి చేయరాదని శాసించెను. "ఊరకే వ్రాలే గదా" అని తేలికగా తీసికొన్నవారికి ఆ తీర్పు కనువిప్పు.

ఏమఱుపాటున వకీలు చేయరాని ప్రమాణము చేసినచో వ్యవహారమంతయు చెడునా? అట్లు భయపడనక్కఱలేదు. నడవడిక నియమములు న్యాయమునకు చేతికఱ్ఱలే గాని సంకెళ్లు కావు. సంతకమునకు, అధికారమునకు సంబంధించిన లోపములు బుద్ధిపూర్వకములు కానిచోట సవరించుకొనుటకు అవకాశమియ్యవలెనని సుప్రీం కోర్టు 2005లో చెప్పియున్నది. సాధారణముగా కోర్టు తగిన ప్రమాణపత్రమును తిరిగి దాఖలుచేయుమనును. కాని ఈలోపల వాయిదాలు దొరలును, ఖర్చులు పెరుగును. నిలుపుదల యుత్తర్వు అత్యవసరమైన సమయమున ప్రమాణపత్రము బలహీనమై యుండిన, ఉత్తర్వు రాకముందే గట్టు దున్నబడును. హైకోర్టులో రిట్టు పిటిషనులు చాలవఱకు సాక్షుల విచారణ లేక ప్రమాణపత్రములమీదనే తేలును గనుక, అచ్చట ఈ లోపము మఱింత ప్రమాదకరము.

ఇప్పుడు ఆచరణలోనికి వత్తము. మీవద్దకు సలహాకు వచ్చినవారికి ఈ కొన్ని మాటలు చెప్పుడు.

తెల్లకాగితముమీద ఎన్నడును వ్రాలుగాని వ్రేలిముద్రగాని వేయరాదు. "తరువాత టైపు చేయించెదము" అనునది ఎంత నమ్మకస్థుడు చెప్పినను వినదగిన మాట కాదు. ఆ కాగితముమీద రేపు వ్రాయబడు ప్రతి యక్షరమునకును నేడు వ్రాలు చేసినవాడే జవాబుదారు.

ప్రమాణపత్రము ఇంగ్లీషులో నున్నయెడల తెలుగులో చదివి చెప్పించుకొనవలెను. చదువు రానివానిచేతను, ఆ భాష తెలియనివానిచేతను ప్రమాణము చేయించునప్పుడు, పత్రమును అతనికి తెలిసిన భాషలో చదివి వివరించితిననియు, అతడు గ్రహించెననియు అధికారి వ్రాయవలసియున్నది. ఇది కక్షిదారుని హక్కు. అడుగుటకు సిగ్గుపడనక్కఱలేదు.

చివరనున్న ధ్రువీకరణమును విడువక చూడవలెను. ఏ పేరాలు తాను స్వయముగా ఎఱిగినవి, ఏవి యితరులవలన వినినవి, ఏవి చట్టమునుగూర్చి వకీలు చెప్పినవి అని వేఱువేఱుగా నున్నదా? సంగతులు మనవి; చట్టము వకీలుది. చట్టవిషయములను "నా వకీలు సలహానుబట్టి నమ్ముచున్నాను" అని వ్రాసికొనుట సరియైన పద్ధతి. తాను ఎఱుగని పేరాను ఎఱిగినట్లు వ్రాసియున్నయెడల దిద్దించుకొనవలెను. అట్లు అడిగినందుకు మంచి వకీలు కోపగింపడు, సంతోషించును.

కక్షిదారుడు కదలలేని రోగియైనయెడల, సంగతి యెఱిగిన యింటివారు తమ యెఱుకమేరకు ప్రమాణము చేయవచ్చును. అతడు రాలేని కారణమును కూడ అందు చెప్పవలెను. కుమారుడు అమెరికాలోనో, గల్ఫు దేశములోనో యుండి, సంగతి అతనికే తెలిసినయెడల, అచ్చటి భారత రాయబార కార్యాలయమున అధికారియెదుట ప్రమాణము చేసి పంపవచ్చును. 1948వ సంవత్సరపు చట్టము ఆ యధికారులకు ఈ శక్తి నిచ్చియున్నది. దూరము వకీలుచేత ప్రమాణము చేయించుటకు సాకు కాదు.

ఇక తుదిమాట. వకీలు మన నోరు. ఆ నోటికి చదువును, నేర్పును, ధైర్యమును ఉండవలెనని కోరి మనము ఆయనను ఆశ్రయింతుము. కాని మన కన్ను మనదే. మన మనస్సాక్షి మనదే. ఆ రెంటిని ఏ వకాల్తునామాతోను ఒకరికి వ్రాసి యియ్యజాలము. కావున కోర్టునుండి కబురు వచ్చినప్పుడు, పని చెడినదని విసుగుకొనక, ఆ కాగితము మన పేర మన మాటగా న్యాయాధిపతి చేతికి పోవుచున్నదని తలచి, ఒక పూట చెల్లించి పోయి, చదివించుకొని, నిజమైన యక్షరముక్రిందనే వ్రాలు చేసి రావలెను.